ఉతికిన దారం

బరోడా,
12 జూన్ 1988

అక్కా,

ఉత్తరం నీకే రాస్తున్నాను గానీ పని మాత్రం బాపుతో. అదీ ఆయనకు తెలియకుండా జరగాలి. చదివి తిట్టుకోకు.

వచ్చే ఫిబ్రవరిలో బొంబాయిలో నా బొమ్మలతో ఒక ప్రదర్శన పెడుతున్నారు. ఇల్లు విడిచిన ఈ పదకొండేళ్ళలో చాలా చేశాను. గుర్రాలు, మూటలు మోసే హమాలీలు, ఎవరో అడిగితే వాళ్ళ తాతగారి తలకాయ. అన్నీ చేతికి వచ్చాయి గానీ మనసుకు రాలేదు. ఈసారి నిలువెత్తు కొలతలో ఒక కంచు బొమ్మ మొదలుపెట్టాను. మన పాత భవాని పేట్ ఇంట్లో గుంత మగ్గం మీద కూర్చున్న బాపు.

మగ్గం మాత్రం చేయను. పోగులుండవు, వాటి మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఉండదు, కాళ్ళు దించే గుంత కూడా ఉండదు. బాపు ఒక్కడే ఉంటాడు. కుడి చేయి నాడె తాడు గుంజుతూ ఉంటుంది, తాడు ఉండదు. ఎడమ చేయి నేతను దగ్గరికి కొట్టే పన్నె పట్టుకొని ఉంటుంది, పన్నె ఉండదు. ఆయన ఒంటిని చూస్తేనే మగ్గం కనబడాలి. కనబడకపోతే నాకు పని రానట్టే.

నా దగ్గర ఆయన ఫొటో ఒక్కటే ఉంది, నీ పెళ్ళిలోది. అందులో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వచ్చి నా ముందు కూర్చోమంటే కూర్చోడు. ఇల్లు విడిచిన రోజు నాన్న అని కూడా చూడకుండా నేనన్న మాట నీకూ గుర్తుండే ఉంటుంది. "రేపు పేట అంతా పవర్లూములైతే నీ చేతులకు కూడు పెట్టేటోడెవడు?" అన్నాను. "నా చేతులు నన్ను సాదుతయి, నీ సంగతి నువ్వు జూసుకో" అన్నాడు. అదే ఆఖరి మాట. మనల్ని కన్న అవ్వ పోయినప్పుడు నేను వచ్చి పదమూడు రోజులున్నా నా మొహం చూడలేదు.

ఈ బొమ్మ చూసైనా ఆయన నాతో మాట్లాడాలి అక్కా. బొంబాయి వాళ్ళు మెచ్చుకోకపోయినా నాకు దిగులు లేదు. ఆయన నీ ఇంట్లోనే ఉంటున్నాడు కదా, ఒక టేపు సంపాదించి ఆయన చేతులు, కాళ్ళు, ఒక్కొక్క వేలు కొలిచి పంపు.

నీ తమ్ముడు
సిద్ధరాములు


నీలం నగర్, సోలాపూర్,
3 జూలై 1988

తమ్మీ,

తిట్టుకోకు అన్నావు కాబట్టి గట్టిగానే తిట్టుకున్నాను. చదువుకున్నవాళ్ళు అడిగే పనులు ఇట్లాగే ఉంటాయి. మన ఇంట్లో టేపు ఎక్కడిది? దర్జీ దగ్గర అడిగితే ఎవరికి ఏం కుట్టిస్తున్నావని కాలనీ అంతా ఆరా తీస్తుంది.

అందుకని దారంతో కొలిచాను. మీ బావ కార్ఖానా నుంచి చద్దర్ల నూలు కొంచెం తెచ్చి ఇచ్చాడు. మధ్యాహ్నం బాపు కునుకు తీసే వేళకు చాట పక్కన పెట్టి, బీడీలు చేయడం ఆపి, ఈ దొంగపని. ఒకసారి మోకాలి దగ్గర ఉండగా కళ్ళు తెరిచాడు.

"ఏందే?"

"ఈగ వాలింది బాపూ."

"ఈగను దారం బెట్టి కొడ్తరా?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ మోకాలి కొలత మర్నాడు తీశాను.

ఎర్ర దారాలు ఎడమ వైపువి, తెల్లవి కుడి వైపువి. ఒక ముడి ఉన్నది భుజం నుంచి మోచేతికి, రెండు ముళ్ళున్నది మోచేతి నుంచి మణికట్టుకు. మిగతావి చీటీలో రాశాను. నా చేతుల తంబాకు దారాలన్నిటికీ పట్టింది. నువ్వు నలుగురు వచ్చే చోట పెట్టుకుంటావు, వాసన కొడితే నీకు నామోషీ అని సబ్బు పెట్టి ఉతికి ఆరబెట్టాను. చూడు, ఎంత శుభ్రంగా ఉన్నాయో.

కుడి చేతి వేళ్ళ కొలత మాత్రం దొరకలేదు. ఆ చేతి మీద తువ్వాలు కప్పుకొని పడుకుంటాడు. మెల్లగా చూస్తాను. బాపు ఇప్పుడు పవర్లూమ్ కార్ఖానాకు పోవడం లేదు, ఇంట్లోనే ఉంటున్నాడు. వయసైంది కదా.

నీ అక్క
ద్రౌపది


బరోడా,
24 జూలై 1988

అక్కా,

నీ దారాలు అందాయి. గోడకు మేకులు కొట్టి వరసగా వేలాడదీశాను. వచ్చినవాళ్ళు ఇదేదో మొక్కు అనుకుంటున్నారు. మా నాన్న అని చెబుతున్నాను.

ఇనుప కడ్డీలతో చట్రం కట్టి మట్టి వేశాను. తల, మొండెం నా జ్ఞాపకంతో, ఆ పెళ్ళి ఫొటోతో చేశాను. చేతులు, కాళ్ళు నీ దారాలు పెట్టి చేశాను. చిక్కు అక్కడే వచ్చింది. నా కంటికి తోచిన చేయి కంటే నీ దారం పొట్టిగా ఉంది. కంటిని నమ్మాలా, కొలతను నమ్మాలా అని నాలుగు రోజులు తన్నుకులాడి, కొలతే నిజమని చేతులు కోశాను, కాళ్ళు కోశాను. ఇప్పుడు చూస్తే పొడుగు మనిషి మొండేనికి పొట్టివాడి చేతులు అతికించినట్టుంది.

రెండు రోజులుగా మట్టి మీద తడిగుడ్డ కప్పి దాని ముందు ఊరికే కూర్చుంటున్నాను. ఒక అనుమానం పట్టుకుంది. బాపు ఉన్నంతే ఉండి ఉంటాడు. ఇన్నేళ్ళు దూరం నుంచి తలచుకొని తలచుకొని నేనే ఆయన్ని పెంచుకున్నానేమో. కోపం ఉన్న మనిషి మనకు పొడుగ్గా కనబడతాడు కదా.

ఇంకొక్కసారి కొలిచి చూడవా? కుడి చేతి వేళ్ళు కూడా కావాలి. బొమ్మ మొత్తం ఆ చేతిలోనే ఉంది.

సిద్ధరాములు


నీలం నగర్,
20 ఆగస్టు 1988

తమ్మీ,

నీ కన్నూ తప్పు కాదు, నా చేయీ తప్పు కాదు. తప్పు సబ్బుది. నువ్వు నవ్వేముందు నేనే నవ్వుకుంటున్నాను, సరేనా?

నీ ఉత్తరం చూశాక మళ్ళీ కొలిచాను. నీకు పంపినప్పుడు జతగా ఉతికి ఇంట్లో ఉంచుకున్న పాత దారానికి, కొత్త కొలతకు తేడా వచ్చింది. మనిషి పెరిగాడా ఏంది అని భయపడి, బాపునే తెలివిగా అడిగాననుకున్నాను. "కొలిచిన దారం పొట్టిగైతదా బాపూ?" అన్నాను.

"ఏ దారం?"

"చద్దర్ల నూలు."

"ఉతికినవా?"

"ఆఁ."

"పచ్చి నూలు నీళ్ళల్ల పడ్డంక గుంజుకోకుంట ఉంటదా? గజానికి రొండు వేళ్ళు పోతది. సాలోళ్ళ బిడ్డవై గిది ఎర్క లేదా?" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "ఎవల్ని కొలిచినవ్?" అన్నాడు.

"మీ అల్లున్ని. అంగీ కోసం."

"అంగీకి కాళ్ళ కొలత ఎందుకే? ఈగలు వాలినయి, గందుకా?"

దొరికిపోయాను. నా నోటి నుంచి నీ పేరు వచ్చేసింది. సిద్ధరాములు నీ బొమ్మ చేస్తున్నాడు బాపూ, మగ్గం మీద కూర్చున్నట్టు, అన్నాను. ఆయన లేచి పోయి గడప మీద కూర్చున్నాడు. చేయమనలేదు, వద్దనలేదు. అన్నం దగ్గర మాత్రం "గజానికి రొండు వేళ్ళు అని రాయి వానికి" అన్నాడు. కాబట్టి కలుపుకో.

నూలు పున్నం దగ్గరికొచ్చింది. మన కులదైవం మార్కండేయుడి రథానికి ఇక్కడ పేటలన్నీ ముగ్గులేసుకుంటున్నాయి. నీకు రాఖీ పంపుతున్నాను. దాంతోపాటు అయిదు తెల్ల దారాలున్నాయి, కుడి చేతి వేళ్ళవి. కొస నుంచి ముడిదాకా పొడవు, ముడి నుంచి రెండో కొసదాకా లావు; చిటికెన వేలు కొంచెం వంకర, అదీ చూసుకో. ఇవి ఉతకలేదు, తంబాకు వాసన భరించు. ఎట్లా కొలిచావని మాత్రం అడగకు.

అక్క


బరోడా,
16 అక్టోబరు 1988

అక్కా,

రాఖీ నా చేతికి, దారాలు మేకుకు.

గజానికి రెండు వేళ్ళు కలిపి చేతులు, కాళ్ళు మళ్ళీ కట్టాను. కట్టిన పూట బాపు వచ్చి కూర్చున్నాడు. నిజంగా అక్కా, మట్టిలో నుంచి మోకాలు ముందుకొచ్చిన తీరు చూసి నేను లేచి నిలబడ్డాను. నేతగాళ్ళ ఇంట్లో పుట్టి, నూలు గుంజుకుంటుందన్న సంగతి బాపు చెబితే గానీ గుర్తు రాలేదు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆయన నా పనిలో చేయి పెట్టాడు.

నీకు పని చెప్పి నేనేం చేస్తున్నానో చెప్పకపోతే బాగుండదు. మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీశాను. అచ్చు లోపల మైనం పూసి, అచ్చు విప్పితే మైనపు బాపు వచ్చాడు. లోపల బోలుగా ఉంటుంది. ఇప్పుడు వేడి చాకుతో అతుకులు సవరిస్తున్నాను. ఆ తర్వాత లోపలా బయటా ఇటుక పొడి, ప్లాస్టర్ కలిపి దట్టించి బట్టీలో కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట కంచు పోస్తాం. మైనం ఉన్నంతసేపే మార్పులు. పోసిన తర్వాత తప్పయినా ఒప్పయినా అదే. పోత నవంబరు 25న పెట్టుకున్నాం.

కుడి చేయి గురించి చెప్పాలి. చూపుడు వేలు, నడిమి వేలు బొటనవేలితో కలిసి లేని తాడును పట్టుకున్నాయి. బాపు వేళ్ళు అంత సన్నగా ఉంటాయని నాకు గుర్తు లేదు. ఎడమ చేతికి, దానికి పోలికే లేదు. ఇన్నేళ్ళు తాడు గుంజి గుంజి అరిగి ఉంటాయి అనుకున్నాను. చూసినవాళ్ళందరూ ముందు ఆ చేతి దగ్గరే ఆగుతున్నారు. మైనపు బొమ్మ ఫొటో పంపుతున్నాను. బాపుకు చూపించు.

సిద్ధరాములు


నీలం నగర్,
28 అక్టోబరు 1988

తమ్మీ,

పోత ఆపు. ముందు ఇది చదువు.

ఫొటో బాపుకు ఇంకా చూపించలేదు. చూపించే ధైర్యం లేదు. ఆ వేళ్ళు బాపువి కావు, నావి.

పోయినేడు దసరా ముందు పవర్లూమ్ కార్ఖానాలో బాపు కుడి చేయి మిషన్లో పడింది. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. మగ్గం అమ్మేసిన తర్వాత ఆయన అక్కడే పని చేస్తున్నాడని నీకు చెప్పాను కదా, ఇది చెప్పలేదు. దవాఖానా నుంచి ఇంటికి వచ్చిన రోజే నాతో ఒట్టు వేయించుకున్నాడు. "వానికి రాస్తివా, నేను గీ ఇంట్ల ఉండ. నా చేతులు నన్ను సాదుతయని వానికి జెప్పిన" అన్నాడు. అప్పటి నుంచి తువ్వాలు ఆ చేతి మీద నుంచి తీయడు. అన్నం తినేటప్పుడు కూడా గోడవైపు తిరిగి కూర్చుంటాడు.

నువ్వు వేళ్ళ కొలత అడిగినప్పుడు నాకు ఏం చేయాలో తోచలేదు. నా చేతులు బాపు పోలిక అని అవ్వ ఎప్పుడూ అనేది. నా చేయి నేల మీద పెట్టుకొని నేనే కొలుచుకున్నాను. పూర్తి చేయి ఉన్న బాపు ఒకచోటైనా ఉంటాడు కదా అనిపించింది. నువ్వు "బొమ్మ మొత్తం ఆ చేతిలోనే ఉంది" అని రాసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఒట్టు తప్పాను. నీ పని కూడా పాడు చేశానేమో. నన్ను ఏమనాలో అను.

అక్క


బరోడా,
4 నవంబరు 1988

అక్కా,

నాకు కోపం వచ్చింది. ఏడాది దాచావు. నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని ఊరంతా తిరిగాను. తిరిగేకొద్దీ కోపం నా మీదికే వచ్చింది. ఆ రోజు నేనన్న మాట నిజమైంది. నిజం కావాలని అనలేదక్కా. ఇరవై మూడేళ్ళ పొగరుతో అన్నాను.

చాకు వేడి చేసుకొని మైనపు బొమ్మ ముందు కూర్చున్నాను. రెండు వేళ్ళు కోయడానికి అరనిమిషం పట్టదు. కోస్తే బొమ్మ నిజమవుతుంది. కానీ ఆయన తువ్వాలు కింద దాచుకున్నది తీసి నలుగురి మధ్యా నేను పెట్టినట్టవుతుంది. కోయకపోతే అది బాపు చేయి కాదు, అబద్ధం. చాకు మూడుసార్లు వేడి చేశాను, మూడుసార్లూ చల్లారింది.

ఇది నా చేతిలో లేని పని. ఈ ఉత్తరం బాపుకు చదివి వినిపించు. ఫొటో చూపించు. ఆయన కోయమంటే కోస్తాను, వద్దంటే మానేస్తాను. అసలు బొమ్మే వద్దంటే మైనమంతా కరిగించి డబ్బాలో పోసుకుంటాను. బొంబాయికి గుర్రాలు పోతాయి.

బాపూ, నేను అడుగుతున్నాను. చెప్పు.

సిద్ధరాములు


నీలం నగర్,
14 నవంబరు 1988

తమ్మీ,

దీపావళి పోయిన మూడో రోజు మధ్యాహ్నం చదివాను. ఒట్టు తప్పానని ముందే చెప్పి, తిట్టడానికి టైమిచ్చాను. తిట్టలేదు. "సదువు" అన్నాడు. చివరి మాట దాకా చదివి ఉత్తరం మడిచాను. "మల్ల సదువు" అన్నాడు. "బాపూ, నేను అడుగుతున్నాను" అన్నదాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

తర్వాత ఫొటో అడిగాడు. ఎడమ చేత్తో పట్టుకొని, నేను ఒక కట్ట ఆకు కత్తిరించేదాకా చూస్తూనే ఉన్నాడు. ఏమంటాడోనని నా కత్తెర ఎటు పోతుందో నాకే తెలియలేదు.

"మెడ తప్పు" అన్నాడు.

"ఏంది బాపూ?"

"చెయ్యి దిక్కు జూస్తుండేంది వీడు? నేసెటోడు చెయ్యి జూస్తడా? పోగు జూస్తడు. ఏడ తెగుతదో అని కండ్లు ఆడనే ఉండాలె. మెడ ఇంక జర ముందలికి, జర ఎడమకు. రాస్తున్నవా?"

రాస్తున్నానన్నాను. వేళ్ళ సంగతి నేను అడగకముందే ఆయనే అన్నాడు.

"వేళ్ళు కొయ్యద్దని రాయి."

"అది నీ చెయ్యి కాదు బాపూ."

"నా కండ్లకు ఆనదా? నీ చెయ్యే గది. చిటికెన వేలు వంకర జూడు." ఫొటో నా చేతికిచ్చాడు. "నా చేతులు నన్ను సాదుతయన్న. సాదలె. ఏడాది సంది నన్ను సాదుతున్నది గా చెయ్యే. నన్ను బొమ్మ జేస్తే గా చెయ్యితోనే జెయ్యమను. అబద్ధమెట్ల అయితది?"

ఏడుపు వచ్చింది తమ్మీ. తంబాకు తడుస్తుందని చాట అవతలికి జరిపి మరీ ఏడ్చాను. పెళ్ళైన దగ్గర్నుంచి ఇన్ని బీడీలు చేశాను, నా చేయి వైపు ఎవరైనా చూశారని నాకు తెలియదు.

మెడ మరచిపోకు. రెండుసార్లు చెప్పాడు.

అక్క


బొంబాయి,
19 ఫిబ్రవరి 1989

అక్కా,

బాపును వెంటబెట్టుకొచ్చిన బావ నీకు ఏం చెబుతాడో గానీ, నేను చూసింది నేను రాయాలి. నువ్వు కూడా రావలసింది.

వేళ్ళ కోసం వేడి చేసిన చాకుతోనే మెడ కోసి, ముందుకు, ఎడమకు వంచి అతికాను. అంతే, లేని మగ్గం మీద లేని పోగులు కనబడ్డాయి. నా పదకొండేళ్ళ చదువుకు అందనిది అది. పోత రోజున ఎర్రటి కంచు లోపలికి దిగుతుంటే నేను కుడి చేతి వైపే చూస్తూ నిలబడ్డాను. సన్న వేళ్ళలోకి కంచు పోయేలోపే గడ్డకట్టవచ్చు. చల్లారాక పైన దట్టించిన పెంకు నేనే పగలగొట్టాను. అయిదు వేళ్ళూ వచ్చాయి. చిటికెన వేలి వంకర కూడా.

బాపు నిన్న ఉదయం వచ్చాడు. తువ్వాలు చేతికి చుట్టుకొని, బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. నా దగ్గరికి వచ్చి, నా మొహం చూసి అడిగాడు.

"కంచు గుడ గుంజుకుంటదా?"

పదకొండేళ్ళ తర్వాత నాతో ఆయన మొదటి మాట అది. "గుంజుకుంటది బాపూ. చల్లారినంక. గజానికి వేలు కంటే తక్కువ" అన్నాను.

"మరి కలిపి జేసినవా?"

"కలిపి చేసిన."

"అయితే మంచిది" అని పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ బొమ్మనూ బాపునూ మార్చి మార్చి చూసి, మరాఠీలో అడిగింది, ఇవి మీ చేతులేనా అని. బాపు తువ్వాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు. మూడు వేళ్ళ చేతిని కంచు చేతి పక్కన పెట్టాడు. "ఇది నాది" అని మరాఠీలోనే అన్నాడు. కంచు చేతిని చూపించి, "ఇది నా కూతురు ద్రౌపదిది. సోలాపూర్‌లో బీడీలు చేస్తుంది" అన్నాడు. హాలంతా విన్నది.

సిద్ధరాములు


నీలం నగర్,
6 మార్చి 1989

తమ్మీ,

బొంబాయిలో నా పేరు హాల్లో చెప్పాడన్నావు. ఇక్కడికి వచ్చి నాకు చెప్పింది మాత్రం, అక్కడ చాయ్ బాగాలేదని. నీ ఉత్తరం లేకపోతే నాకు తెలిసేదే కాదు.

తువ్వాలు ఇప్పుడు భుజం మీదే ఉంటోంది. పొద్దున నేను చాట ముందర కూర్చుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చుంటున్నాడు. చేసిన బీడీలు ఇరవై అయిదు చొప్పున లెక్కపెట్టి కట్టలు కడుతున్నాడు. ఎడమ చేత్తో అదిమి పట్టుకొని, కుడి చేతి మూడు వేళ్ళతో దారం చుడతాడు. నువ్వు చూస్తే బొమ్మ చేస్తావు. ముడి గట్టిగా పడదు. వదులు కట్టలను బీడీ కార్ఖానాలో వాపసు చేస్తారు. అందుకని ఆయన నీళ్ళు తాగడానికి లేచినప్పుడు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ బిగించి కడుతున్నాను.

ఈ సంగతి బాపుకు మాత్రం రాయకు.

నీ అక్క
ద్రౌపది